మన గంట మనమే కొట్టుకోవాలి

మా హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థులుగా నాలుగు మాటలు రాయమని కబురు వచ్చినప్పుడు మేమంతా ఎంతో సంతోషించాం. ఏం రాయాలన్నది మాత్రం వారం రోజులు తేలలేదు. ఇక్కడ తిన్న అన్నం గురించి, తల కింద పెట్టుకున్న ట్రంకు పెట్టెల గురించి, సెలవు చీటీల కోసం చెప్పిన అబద్ధాల గురించి మా ముందు బ్యాచ్‌లవాళ్లు చాలా బాగా రాశారు. వాటినే మళ్లీ రాయడం కన్నా, ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకి రేపు పనికొచ్చే సంగతి ఒకటి రాద్దామనుకున్నాం.

మేం ఆరుగురం. ఈ హాస్టల్లోనే ఉండి 2016లో పదో తరగతి పాసయ్యాం. 2018లో డిగ్రీలో చేరాం. ముగ్గురం కావలిలో, ముగ్గురం నెల్లూరులో. మా డిగ్రీ సగం తరగతి గదిలో నడిచింది, సగం అరచేతిలోని ఫోనులో నడిచింది. ఆ రెండో సగంలో మేం ఎలా చదివామో, ఎక్కడ చెడిపోయామో, ఎక్కడ బాగుపడ్డామో చెప్పడమే ఈ వ్యాసం. ఇందులో మా గొప్ప కొంత, మా తప్పు కొంత ఉన్నాయి. తప్పే పెద్దది.

ముందు గంట గురించి చెప్పాలి. అప్పట్లో హాస్టల్ ముందు వేపచెట్టుకు ఒక రైలు పట్టా ముక్క వేలాడుతుండేది. తెల్లవారుజామున ఐదింటికి వాచ్‌మన్ తాత దాన్ని ఇనప కడ్డీతో కొట్టేవాడు. లేవడానికి ఒక గంట, స్టడీకి ఒక గంట, టిఫినుకి ఒక గంట, బడికి ఒక గంట, సాయంత్రం మళ్లీ స్టడీకి ఒక గంట, నిద్రకి ఒక గంట. ఆ గంటని మేం తిట్టని రోజు లేదు. ఒకసారి ఆ కడ్డీని ఎవరో దాచేస్తే తాత చెంబుతో కొట్టి మరీ లేపాడు. ఎవరు దాచారో ఇప్పటికీ చెప్పం!

ఇంకొకటి. వంటచేసే పెద్దమ్మ రాత్రి భోజనాలప్పుడు పళ్లేలు లెక్కపెట్టేది. వరసలో అందరూ తిన్నాక ఒక పళ్లెం మిగిలితే, "ఒక పళ్లెం మిగిలిందే, ఎవుడ్రా రానోడు?" అని కేకేసేది. జ్వరం వచ్చి ముసుగేసుకున్నవాడు, ఇంటి మీద బెంగతో గోడ పక్కన కూర్చున్నవాడు, ఫెయిలయ్యానని ఏడుస్తున్నవాడు, అందరూ ఆ పళ్లెం లెక్కలోనే దొరికేవారు. ఆ రోజుల్లో దాని విలువ మాకు తెలియలేదు. గంట, పళ్లెం అనే ఈ రెండూ గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

2020 మార్చి 12న రాష్ట్రంలో మొట్టమొదటి కరోనా కేసు మన నెల్లూరులోనే బయటపడింది. వారం తిరిగేసరికి కాలేజీలు మూసేశారు. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. రెండు వారాల సెలవులే గదా అనుకుని రెండు జతల బట్టలతో ఇళ్లకి చేరుకున్నాం. పుస్తకాలు కాలేజీ హాస్టల్లో ట్రంకు పెట్టెల్లోనే ఉండిపోయాయి. ఇస్కపల్లిలో ఇద్దరం, ఇందుపూరులో ఒకరం, నార్త్ మోపూరులో ఒకరం, అల్లూరులో ఇద్దరం. చుట్టుపక్కల ఊళ్లే అయినా ఒకరి మొహం ఒకరు చూడక నెలలు గడిచాయి.

ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యేసరికి లెక్క చూసుకుంటే, ఆరు ఇళ్లకి కలిపి నాలుగు స్మార్ట్ ఫోన్లు. ఒక ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్న పనికి తీసుకుపోతే సాయంత్రానికి గాని రాదు. రోజుకి ఒకటిన్నర జీబీ డేటా మూడు క్లాసులకే అయిపోయేది. ఇస్కపల్లిలో ఇంట్లో కూర్చుంటే సిగ్నల్ ఉండదు. సముద్రం వైపు ఇసుక దిబ్బ ఎక్కి సరుగుడు తోటలో నిలబడితే వస్తుంది. అలల హోరులో అకౌంటెన్సీ విన్నాం. ఇక మా చెల్లెళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అన్నల క్లాసులయ్యాక, ఛార్జింగు మిగిలితే అప్పుడు వాళ్ల వంతు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. వాళ్లకీ పరీక్షలున్నాయని మేం ఆలోచించనే లేదు.

ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. కానీ మేం చెడిపోయింది వీటివల్ల మాత్రమే కాదు. నిజం ఒప్పుకోవాలి. ఫోనులో క్లాసుకి చేరి, హాజరు పడగానే ఫోను జేబులో వేసుకుని పనికి పోయాం. ఒకడు ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని నారు పీకాడు. ఒకడు ఉప్పు కొఠార్ల గట్టు మీద నిద్రపోయాడు. సారు పేరు పెట్టి పిలిస్తే "సార్, నెట్‌వర్క్ లేదు సార్" అన్నాం. సిగ్నల్ నిండుగా ఉన్న రోజున కూడా అదే మాట! హాజరు నూటికి తొంభై. బుర్రలో మాత్రం ఏమీ లేదు. ఒక ఇంటర్నల్ పరీక్షలో ప్రశ్నపత్రం ఫోనులో తెరుచుకున్నాక ఆరుగురిలో నలుగురం ఒక్క ప్రశ్నకి కూడా సొంతంగా జవాబు రాయలేకపోయాం. నెట్‌లో చూసి దించేశాం. మార్కులు బాగానే వచ్చాయి. ఆ మార్కులు చూసి ఇంట్లోవాళ్లు మురిసిపోతుంటే మాకు అన్నం సహించలేదు.

దూరంగా ఉండి చదవడం మాతోనే మొదలైన కష్టం కాదు. మన హైదరాబాదులోనే 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఉమ్మడి రాష్ట్రంలో మన పెద్దవాళ్లలో ఎందరో పగలు ఉద్యోగమో కూలిపనో చేసుకుంటూ, పోస్టులో వచ్చిన పుస్తకాలు చదివి, ఆదివారాలు స్టడీ సెంటరుకి బస్సెక్కి పోయి, రేడియోలో పాఠాలు విని అందులో డిగ్రీ తెచ్చుకున్నారు. మా హాస్టల్ సీనియరు ఒకాయన అలా చదివినవారే. మేం ఫోనులో మా బాధ చెప్పుకుంటే ఆయన ఒక్కటే అడిగారు: "మీకు పాఠం అందడం లేదా, లేక మీరు అందుకోవడం లేదా?" మాకు జవాబు తోచలేదు. ఆయనే మళ్లీ అన్నారు: "మాకు వారం అంతా గంట కొట్టేవాడు లేడురా. అందుకే ఆదివారం బస్సు తప్పిపోకుండా చూసుకునేవాళ్లం. అదే మా గంట."

ఆ రాత్రే మేం మా గంట తయారు చేసుకున్నాం. అది మిస్డ్ కాల్ గంట! ఉదయం సరిగ్గా ఐదింటికి అల్లూరులో ఉన్న మొదటివాడు లేచి ఇందుపూరువాడికి మిస్డ్ కాల్ ఇస్తాడు. వాడు లేచి మోపూరువాడికి ఇస్తాడు. అలా తిరిగి తిరిగి ఆరోవాడు మొదటివాడికి ఇస్తే గొలుసు పూర్తయినట్టు. పైసా ఖర్చు లేదు. స్మార్ట్ ఫోను లేనివాడు ఇంట్లో ఉన్న మీటల ఫోనుతో ఇచ్చేవాడు. ఐదున్నర నుంచి ఏడు దాకా ఎవరి ఇంట్లో వాళ్లం స్టడీ. హాస్టల్ టైమే, మార్చలేదు. తెల్లవారుజామున సిగ్నల్ బాగుంటుంది, ఎండ ఉండదు, ఇంట్లో పని చెప్పేవాళ్లు ఉండరు. ముందు రోజు సార్లు పంపిన రికార్డింగులు, పీడీఎఫ్‌లు అప్పుడే దించుకునేవాళ్లం. పగలు సిగ్నల్ పోయినా పాఠం పోదు.

రెండో పని, నోటు పుస్తకం. క్లాసు వింటున్నంతసేపు చేతిలో పెన్ను ఉండాలని, క్లాసుకి ఒక పేజీ అయినా నిండాలని కట్టడి చేసుకున్నాం. దీనివల్ల ఇంకొక మేలు జరిగింది. అంతకు ముందు మా అమ్మలు మేం ఫోను చూస్తుంటే ఆటలాడుతున్నామనే అనుకున్నారు. "పొద్దస్తమానం దాన్నే చూస్తా ఉండావు, గేదెకి మేత ఎయ్యి పో" అనేవారు. నిండిన పేజీలు చూశాక ఆ మాట మానేశారు. టైముటేబులు గోడకి అంటించి, ఏ గంటలో పిలవకూడదో అమ్మకి చదివి వినిపించాం. తొమ్మిదింటికి నాన్న కూడా టీవీ తగ్గించేవాడు.

మూడో పని, ఆదివారం కూడిక. లాక్‌డౌన్ సడలించాక చెరువు కట్ట మీద చెట్టు కింద దూరదూరంగా కూర్చుని, ఆ వారం పాఠాల్లో ఒక్కొక్కటి ఒక్కొక్కడు మిగతావాళ్లకి చెప్పాలి. చెప్పబోతే తెలిసింది మాకు ఎంత రాదో. గ్రూపులు వేరైనా వినాల్సిందే. హిస్టరీవాడికి అర్థమయ్యేలా కెమిస్ట్రీ చెప్పగలిగితే పరీక్షలో రాయడం ఒక లెక్క కాదు.

నాలుగో పని నివర్ తుపాను నేర్పింది. 2020 నవంబరు 25, 26 తేదీల్లో ఆ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినా, మన నెల్లూరు జిల్లాలో కుండపోత కురిసింది. పెన్న పొంగింది, పొలాలు మునిగాయి. మా ఊళ్లలో కరెంటు పోయింది. ఫోన్లు ఆరిపోయాయి. ఒకడు ట్రాక్టర్ బ్యాటరీకి తగిలించి కొంచెం ఛార్జింగు ఎక్కించుకున్నాడు. ఆ రోజుల్లో చదువు సాగింది నోటు పుస్తకం నింపుకున్నవాళ్లకే. అంతా ఫోనులోనే ఉందిలే అనుకున్నవాళ్లకి ఏమీ లేదు. తుపాను మన తీరానికి కొత్త కాదు. అక్టోబరు రాకముందే వలలు, పడవలు సర్దుకునే జాలర్లని చూస్తూ పెరిగి కూడా మేం మా పాఠాలు సర్దుకోలేదు.

ఐదో పని చాలా చిన్నది, కానీ దీని దగ్గరే ఎక్కువమంది చదువు ఆగిపోతుంది. తేదీలు, కాగితాలు. పాత క్యాలెండరు వెనక వైపు అసైన్‌మెంటు తేదీ, పరీక్ష ఫీజు చివరి తేదీ, హాల్ టికెట్టు, స్కాలర్‌షిప్పు రెన్యువల్, అన్నీ పెద్ద అక్షరాలతో రాసి గోడకి తగిలించాం. ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, బ్యాంకు పుస్తకం, మార్కుల జాబితాలు ఒకే ప్లాస్టిక్ కవరులో. ఇంకొక మాట: దరఖాస్తులో ఇచ్చిన ఫోను నంబరు బతికి ఉండాలి. మాలో ఒకడికి ఓటీపీ వాళ్ల నాన్న పాత సిమ్‌కి పోయింది. రీఛార్జి చేయక ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. ఆ ఒక్క నంబరు మార్పించుకోవడానికి నాలుగు రోజుల పని పోగొట్టుకుని తిరిగాడు.

ఇంతవరకూ మా గొప్ప. ఇక తప్పు చెప్పాలి.

2021 వేసవిలో రెండో విడత కరోనా వచ్చింది. కాలేజీలు మళ్లీ మూశారు. మాకది డిగ్రీ చివరి సెమిస్టరు. మే నెలలో ఒక ఉదయం మా గొలుసులో నాలుగోవాడి దగ్గరనుంచి మిస్డ్ కాల్ రాలేదు. నిద్రపోయి ఉంటాడనుకున్నాం. మర్నాడూ రాలేదు. బ్యాలెన్సు లేదేమో అనుకున్నాం. మూడో రోజు మేం చేసిన పని ఏమిటంటే, మూడోవాడు తిన్నగా ఐదోవాడికి మిస్డ్ కాల్ ఇవ్వడం మొదలుపెట్టాడు. గొలుసు తెగలేదు అనుకున్నాం. ఆరుగురి గొలుసు ఐదుగురి గొలుసైంది, అంతే. చదువు మాత్రం బ్రహ్మాండంగా సాగుతోంది!

ఇరవై మూడు రోజుల తర్వాత, పరీక్ష ఫీజు గడువు దాటిపోయాక, వాడు కట్టలేదని తెలిసింది. సైకిలేసుకుని వాళ్లింటికి వెళ్లాం. నాలుగు కిలోమీటర్లు. అంతే దూరం. నాన్నకి జబ్బు చేసి బేల్దారి పని ఆగిపోయింది. మందులకి ఫోను అమ్మేశారు. వాడు రాత్రంతా రొయ్యల గుంటల దగ్గర కాపలాకి పోతున్నాడు. ఏరేటర్లు ఆగిపోకుండా చూడడం, తెల్లారి వచ్చి పడుకోవడం. మమ్మల్ని చూసి కోపపడలేదు. "ఎవురన్నా వస్తారేమోనని నాలుగు రోజులు చూశానురా" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ఆ మాట మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు. హాస్టల్లో ఒక్క పూట పళ్లెం మిగిలితే పెద్దమ్మ కేకేసేది. మేం ఐదుగురం చదువుకున్నవాళ్లం, ఇరవై మూడు రోజులు ఒక పళ్లెం మిగిలిపోయినా చూడలేదు. ఫోనులో చదివే చదువులో ఉన్న పెద్ద ప్రమాదం ఇదే తమ్ముళ్లారా. తరగతి గదిలో ఖాళీ బెంచీ కనిపిస్తుంది. ఫోనులో ఖాళీ కనిపించదు. ఒక పేరు తెర మీద లేకపోతే మిగతా పేర్లు దగ్గరికి జరిగి ఆ చోటు మూసేస్తాయి. గంట ఏర్పాటు చేసుకున్నాం గానీ పళ్లేలు లెక్కపెట్టేవాళ్లని ఏర్పాటు చేసుకోలేదు.

మేం ఐదుగురం ఆ ఏడు పాసయ్యాం. వాడు ఆ సెమిస్టరు రాయలేదు. తర్వాత డ్రైవింగు నేర్చుకుని వ్యాను నడిపాడు. పెళ్లయింది. ఇక చదువెందుకులే అన్నాడు. మేం కూడా కొన్నాళ్లు ఆ మాటకి ఊరుకున్నాం. ఊరుకోవడం మా రెండో తప్పు.

మన హాస్టళ్లన్నిటిలో గోడ మీద బాబాసాహెబ్ ఫోటో ఉంటుంది. ఏటా ఏప్రిల్ 14న దండ వేస్తాం. కానీ ఆయన చదువు కూడా మధ్యలో ఆగిందని మేం చాలా ఆలస్యంగా గమనించాం. బరోడా స్కాలర్‌షిప్పు గడువు అయిపోవడంతో 1917లో లండన్ చదువు సగంలో వదిలి ఆయన ఇండియాకి రావాల్సి వచ్చింది. వేరే ఓడలో వేసిన పుస్తకాలు యుద్ధంలో ఆ ఓడతోపాటే సముద్రంలో మునిగిపోయాయి. ఆయన మాత్రం వచ్చేముందే నాలుగేళ్లలోగా తిరిగి వచ్చి పూర్తిచేసుకోవడానికి అనుమతి తీసుకున్నారు. బొంబాయిలో సిడెన్‌హాం కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టి 1920లో మళ్లీ వెళ్లారు. 1923లో డి.ఎస్‌సి. పట్టా తీసుకున్నారు. ఆగిన చదువు అయిపోయిన చదువు కాదని దీన్ని మించిన రుజువు మాకు కనబడలేదు.

ఈ సంగతి మా వాడికి చెప్పాం. యూనివర్సిటీ మళ్లీ అవకాశం ఇచ్చినప్పుడు ఫీజు మేం కడతామంటే ఒప్పుకోలేదు, తానే కట్టుకున్నాడు. మేం కట్టింది గంట మాత్రమే. రోజూ రాత్రి తొమ్మిదింటికి మాలో ఒకరం వాడికి ఫోను చేసి అరగంట పాఠం చెబుతాం. వ్యాను పక్కకి ఆపి వింటాడు. ఆరు పేపర్లలో నాలుగు పాసయ్యాడు. రెండు మిగిలాయి. ఈ వ్యాసం వాడికి చదివి వినిపించి, వాడు సరేనన్నాకే పంపుతున్నాం. "పేరు వద్దు, ఆ రెండూ అయినాక పేరేసి రాద్దురు" అన్నాడు.

తమ్ముళ్లారా, మీ కాలం మాకన్నా మెరుగు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు, 2017లో వచ్చిన స్వయం కోర్సులు ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు, అందులో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు రాయితీ ఉంది. మీ కాలేజీ ఒప్పుకుంటే స్వయం కోర్సుల క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయి. ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో 25 మార్కులు వారం వారం అసైన్‌మెంట్లకి, 75 చివరి పరీక్షకి. పన్నెండు వారాల కోర్సులో మంచిగా వచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లు లెక్కలోకి తీసుకుంటారు. చేరేటప్పుడు చాలామంది చేరతారు. మూడో వారం దాటించడమే కష్టం. దాటించేది తెలివి కాదు, గంట.

కాబట్టి మేం చెప్పేది రెండే మాటలు. ఒకటి, చదువుకి ఒక టైము పెట్టుకోండి, ఆ టైముకి మీ గంట మీరే కొట్టుకోండి. రెండు, ఒంటరిగా చదవకండి. నలుగురు కలవండి, రోజూ పళ్లేలు లెక్కపెట్టుకోండి. ఒక్క రోజు ఒకడి నుంచి మిస్డ్ కాల్ రాకపోతే ఆ సాయంత్రమే సైకిలు తీయండి. ఏం జరిగి ఉంటుందో ఊహించుకుంటూ కూర్చోవద్దు. మేం ఊహించుకున్నాం.

ఆ రైలు పట్టా ముక్క ఇంకా వేపచెట్టుకి ఉంటే, వార్షికోత్సవం రోజున ఆరుగురం వస్తాం, ఒక్కొక్కరం ఒక్కొక్క దెబ్బ కొడతాం. కడ్డీ మాత్రం దాచకండి!